నోయిడా నుంచి సముద్రాన్ని చదువుదాం



మన నోయిడాలో మెట్రో ఉంది, మాల్స్ ఉన్నాయి, ఎక్స్‌ప్రెస్ వే ఉంది. సముద్రం మాత్రం లేదు. ఏ దిక్కుకు బయలుదేరినా వందల కిలోమీటర్లు ప్రయాణం చేస్తే గాని ఒక్క అల కనబడదు. అందుకే ఈ ఏడాది తెలుగు తరగతిలో ‘సముద్రం’ అనే మాట రాగానే ఒక విద్యార్థి లేచి, "ఇక్కడుండే మనకు సముద్రంతో పనేముంది టీచర్?" అని అడిగాడు.

తరగతిలో సగం మంది నవ్వారు. చివరి వరసలో కూర్చున్న ఒక ఆరో తరగతి అమ్మాయి మాత్రం నవ్వలేదు. వాళ్ల నాన్నగారు కేంద్ర బలగాల్లో ఉద్యోగి. మూడేళ్లకో ఊరు మారతారు. సొంతూరు శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డున ఒక పల్లె. ఆ పాప లేచి, కాస్త మెల్లగా, "మా తాత వేటకు వెళ్తాడు టీచర్" అంది.

వేట అనగానే మిగతా పిల్లలకు పులులు, తుపాకులు గుర్తుకొచ్చాయి. మన తీరప్రాంతాల్లో చేపలు పట్టడానికి సముద్రం మీదికి వెళ్లడాన్నే ‘వేట’ అంటారని మేము వివరించాక తరగతి నిశ్శబ్దమైంది. అప్పుడు ఆ పాపకు ధైర్యం వచ్చి ఒక ప్రశ్న అడిగింది.

"సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు చూశాను టీచర్. చేపలు ఎక్కడ ఉంటాయో మా తాత నీటి రంగు చూసి చెబుతాడు. మా చిన్నాన్న ఫోనులో వచ్చిన మెసేజ్ చూసి చెబుతాడు. రోజూ ఇద్దరికీ వాదనే. ఎవరు చెప్పేది నిజం?"

మేము అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాం. తెలుగు చెప్పేవాళ్లం కదా, ఉపగ్రహాల సంగతి మాకు అంతగా తెలియదు. కొన్నాళ్లు చదివాం, మన సైన్సు, భూగోళం టీచర్లను అడిగాం. తెలుసుకున్నదంతా మీ కోసం ఇక్కడ రాస్తున్నాం. ఇందులో ఆ పాప ప్రశ్నకూ, నవ్వు తెప్పించిన మొదటి ప్రశ్నకూ కూడా జవాబు ఉంది.

తాత ఏం చూస్తాడు?

ముందుగా తాత దగ్గరికే వెళ్దాం. తెల్లవారకముందే పడవ రేవు దాటుతుంది. వెలుగు రాగానే తాత కళ్లు నీటి మీదే ఉంటాయి. ఒకచోట నీరు ముదురు నీలంగా ఉంటుంది. ఇంకాస్త దూరంలో ఆకుపచ్చ కలిసిన నీలంగా మారుతుంది. ఆ రెండు రంగులూ కలిసేచోట పక్షులు గుంపుగా తిరుగుతూ నీటి మీద వాలుతుంటే, అక్కడ వల వేయవచ్చని ఆయన అంచనా వేస్తాడు.

ఇందులో మాయ ఏమీ లేదు. సముద్రపు పైపొరల్లో కంటికి కనిపించనంత చిన్న మొక్కలు కోట్లకొద్దీ తేలుతూ ఉంటాయి. వాటిని వృక్ష ప్లవకాలు అంటారు. మన ఇంటి ముందు వేపచెట్టు లాగే అవి కూడా ఎండను, పత్రహరితాన్ని ఉపయోగించుకుని ఆహారం తయారు చేసుకుంటాయి. పత్రహరితం నీలి, ఎర్రని కాంతిని పీల్చుకుని ఆకుపచ్చని కాంతిని ఎక్కువగా వెనక్కి పంపుతుంది. కాబట్టి ఈ మొక్కలు ఎక్కువగా ఉన్నచోట నీరు పచ్చగా, తక్కువగా ఉన్నచోట నీలంగా కనిపిస్తుంది.

ఈ చిన్న మొక్కలను చిన్న చిన్న జీవులు తింటాయి. వాటిని చిన్న చేపలు, చిన్న చేపలను పెద్ద చేపలు తింటాయి. చేపల కోసం పక్షులు వస్తాయి. అంటే నీటి పచ్చదనం చూసి తాత సముద్రం వంటింట్లో ఎక్కడ పొయ్యి వెలిగిందో చెబుతున్నాడన్నమాట.

మరి మొక్కలు అన్నిచోట్లా సమానంగా ఎందుకు పెరగవు? పొలానికి ఎరువు కావాలి కదా, వీటికీ పోషకాలు కావాలి. చచ్చిన జీవుల అవశేషాలు అడుగుకు జారిపోతాయి కాబట్టి పోషకాలు ఎక్కువగా లోతు నీటిలో ఉంటాయి. గాలుల వల్ల, ప్రవాహాల వల్ల ఆ చల్లని లోతు నీరు పైకి వచ్చినచోట మొక్కలు బాగా పెరుగుతాయి. చల్లని నీరు, వెచ్చని నీరు కలిసే సరిహద్దుల్లో ఆహారం పోగుపడుతుంది. తాత చూసే రంగుల గీత చాలాసార్లు అలాంటి సరిహద్దే.

ఉపగ్రహం ఏం చూస్తుంది?

ఇప్పుడు చిన్నాన్న ఫోను సంగతి చూద్దాం. ఆ మెసేజ్ ప్రయాణం మన ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుంచి మొదలైందని చెప్పవచ్చు. 1999 మే 26న అక్కడి నుంచి ఇస్రో ఓషన్‌శాట్-1 అనే ఉపగ్రహాన్ని పంపింది. 2009 సెప్టెంబరు 23న ఓషన్‌శాట్-2, 2022 నవంబరు 26న ఆ వరుసలో మూడోదైన ఈవోఎస్-06 వెళ్లాయి. ఇలాంటి ఉపగ్రహాలు 700 కిలోమీటర్లకు పైగా ఎత్తులో తిరుగుతూ సముద్రాన్ని చూస్తుంటాయి.

వాటిలో ఉన్న ఒక ముఖ్యమైన పరికరం పని ఏమిటో తెలుసా? నీటి రంగు చూడడం! దాన్ని ఓషన్ కలర్ మానిటర్ అంటారు. ఈవోఎస్-06లో ఉన్నది కాంతిని 13 పట్టీలుగా విడదీసి, ఏ రంగు ఎంత వెనక్కి వచ్చిందో కొలుస్తుంది. దాన్నిబట్టి నీటిలో పత్రహరితం ఎంత ఉందో లెక్క కడతారు. నీటి ఉపరితలం నుంచి వచ్చే వేడి కిరణాలను కొలిచే పరికరాలు ఉష్ణోగ్రతను చెబుతాయి. ఈ రెండు పటాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, ఎక్కడ చల్లని నీరూ వెచ్చని నీరూ కలుస్తున్నాయో, ఎక్కడ పచ్చదనం ఎక్కువగా ఉందో తెలుస్తుంది.

గమనించారా? తాత పడవ మీద నిలబడి చూసేదీ, ఉపగ్రహం ఆకాశం నుంచి చూసేదీ ఒకటే.

ఉపగ్రహం చూసినదాన్ని మెసేజ్‌గా మార్చే పని హైదరాబాదులో జరుగుతుంది. అక్కడి ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది. అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. ఇది 1999లో ఏర్పడింది. అక్కడి శాస్త్రవేత్తలు చేపలు దొరికే అవకాశం ఉన్న ప్రాంతాలను గుర్తించి, ఫలానా రేవు నుంచి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్ల దూరంలో, ఎంత లోతులో అనే వివరాలను తెలుగుతో సహా తీరప్రాంత భాషల్లో పంపుతారు. రేవుల్లో పెట్టిన బోర్డుల మీద, ఫోన్లలో అవి కనిపిస్తాయి. దీనివల్ల చేపల కోసం వెతుకుతూ తిరిగే సమయం తగ్గుతుంది. బోటులో డీజిల్ మిగులుతుంది.

తీరం నుంచి కొంత దూరం వెళ్లాక ఫోనుకు సిగ్నల్ ఉండదు. ఆ ఇబ్బంది తీర్చడానికి 2019లో జెమిని అనే చిన్న పరికరాన్ని తెచ్చారు. అది ఉపగ్రహం నుంచి సమాచారం అందుకుని పక్కనే ఉన్న మొబైల్‌కు పంపుతుంది. చేపల సమాచారంతో పాటు తుపాను హెచ్చరికలు కూడా నడిసముద్రంలో ఉన్నవారికి చేరతాయి.

అయితే ఉపగ్రహానికి కూడా ఇబ్బందులున్నాయి. మబ్బు పడితే నీటి రంగు దానికి కనిపించదు. పైగా అది చూసేది సముద్రపు పైపొరను మాత్రమే. కిందేముంది?

లోతుకు దిగే దూతలు

కింద ఏముందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఆర్గో అనే తేలే యంత్రాలను వాడుతున్నారు. గ్యాస్ సిలిండరును సన్నగా, పొడవుగా సాగదీసి, పైన ఒక యాంటెన్నా పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. దానికి ఇంజను లేదు, తెడ్డు లేదు. అయినా పైకీ కిందికీ ప్రయాణం చేస్తుంది. ఎలా?

యంత్రం లోపల కొంచెం నూనె ఉంటుంది. బయట ఒక సంచి ఉంటుంది. నూనెను సంచిలోకి తోస్తే సంచి ఉబ్బుతుంది. బరువు మారలేదు గాని పరిమాణం పెరిగింది కాబట్టి యంత్రం పైకి తేలుతుంది. నూనెను లోపలికి లాగితే మునుగుతుంది. ఆర్కిమెడిస్ సూత్రం చదివినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

ఈ యంత్రం 1000 మీటర్ల లోతుకు దిగి, ప్రవాహంతో పాటు తొమ్మిది రోజుల పాటు కొట్టుకుపోతుంది. తరువాత 2000 మీటర్లకు దిగి, అక్కడి నుంచి పైకి వస్తూ దారి పొడవునా ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలుస్తుంది. పైకి వచ్చాక ఆ లెక్కలు ఉపగ్రహానికి చెప్పి మళ్లీ మునుగుతుంది. పది రోజులకొకసారి ఇదే పని. ప్రపంచమంతటా ఇలాంటివి దాదాపు 4000 ఉన్నాయి. హిందూ మహాసముద్రంలో తిరిగేవాటి సమాచారాన్ని సేకరించి సరిచూసే బాధ్యతలో హైదరాబాదు ఇన్‌కాయిస్‌కు ముఖ్యమైన పాత్ర ఉంది.

కొత్తగా వస్తున్న కొన్ని ఆర్గోలు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను, పత్రహరితాన్ని కూడా కొలుస్తాయి. మన బంగాళాఖాతానికి ఇది చాలా అవసరం. గంగ, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి పైన ఒక పొరలా పరుచుకుంటుంది. ఆ పొర వల్ల పైనీరు, కిందినీరు సరిగ్గా కలవవు. గాలి తగిలే పైనీటిలో ఆక్సిజన్ ఉంటుంది గాని, దిగువన చాలా తగ్గిపోతుంది. పైన ఎంత అందంగా కనిపించినా కింద చేప ఊపిరి తీసుకోలేని పొర ఉండవచ్చు. అది ఉపగ్రహానికీ కనిపించదు, తాతకూ కనిపించదు. ఆర్గో చెబితేనే తెలుస్తుంది.

చీకట్లో చెవులే కళ్లు

సముద్రంలో 200 మీటర్ల కింద వెలుతురు చాలా తక్కువ. 1000 మీటర్లు దాటితే సూర్యకాంతి అసలే చేరదు. అక్కడ కళ్లు పనిచేయవు. శబ్దం మాత్రం నీటిలో చక్కగా ప్రయాణిస్తుంది. గాలిలో శబ్ద వేగం సెకనుకు దాదాపు 340 మీటర్లు, సముద్రపు నీటిలో దాదాపు 1500 మీటర్లు.

పూర్వం లోతు తెలుసుకోవడానికి తాడుకు సీసపు గుండు కట్టి నీటిలోకి వదిలేవారు. ఇప్పుడు పడవ అడుగు నుంచి ఒక శబ్దాన్ని కిందికి పంపుతారు. అది నేలకు తగిలి తిరిగి వచ్చే సమయాన్ని బట్టి లోతు తెలుస్తుంది. దారిలో చేపల గుంపు ఉంటే ప్రతిధ్వని దాని నుంచి కూడా వస్తుంది. చాలా చేపల కడుపులో గాలితో నిండిన ఒక తిత్తి ఉంటుంది. శబ్దం బాగా వెనక్కి తిరగడానికి ఆ తిత్తే కారణం. డాల్ఫిన్లు ఈ పద్ధతిని మనకన్నా ఎంతో ముందే వాడుతున్నాయని మరచిపోకండి.

ఈ పరికరం వల్ల ఒక విచిత్రం బయటపడింది. రెండో ప్రపంచ యుద్ధం కాలంలో నౌకల మీద పనిచేసేవారికి సముద్రం మధ్యలో ఒక ‘నేల’ కనిపించింది. కాని పటం ప్రకారం అక్కడ లోతు చాలా ఎక్కువ. పైగా ఆ ‘నేల’ రాత్రి కాగానే పైకి వస్తోంది, తెల్లవారేసరికి కిందికి దిగుతోంది! అది నేల కాదు. కోట్లాది చిన్న జీవులు, చేపలు కలిసిన పొర. అవి పగలు శత్రువులకు కనిపించకుండా చీకటి లోతుల్లో దాక్కుని, రాత్రి ఆహారం కోసం పైకి వస్తాయి. మనకు మూడేళ్లకొక బదిలీ అయితే వీటికి రోజుకు రెండు!

చెవిలో దాచిన టి.సి.

బదిలీల మాట వచ్చింది కాబట్టి ఇంకో ఇద్దరు ప్రయాణికుల గురించి చెప్పుకుందాం.

మొదటిది పులస. పుస్తెలమ్మైనా పులస తినాలనే సామెత మీ ఇంట్లో వినే ఉంటారు. సముద్రంలో ఉన్నప్పుడు ఈ చేపను విలస అంటారు. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. అప్పుడు దాని పేరు పులస. ధవళేశ్వరం ఆనకట్ట దాకా వస్తుంది. ఊరు మారితే పేరు కూడా మారే చేప ఇది.

ఇలాంటి చేప ఎప్పుడు సముద్రంలో ఉందో, ఎప్పుడు నదిలో ఉందో ఎలా తెలుసుకోవాలి? దాని చెవిలో ఒక చిన్న రాయి ఉంటుంది. చెట్టు మానులో వలయాల్లాగా ఆ చెవిరాయి మీద పొర మీద పొర పెరుగుతుంది. సముద్రపు నీటిలో స్ట్రాన్షియం అనే మూలకం నదినీటిలో కన్నా ఎక్కువ. కాబట్టి ఏ పొరలో స్ట్రాన్షియం ఎంత ఉందో సూక్ష్మమైన పరికరాలతో కొలిస్తే, ఏ వయసులో ఆ చేప ఉప్పునీటిలో ఉందో, ఏ వయసులో మంచినీటిలో ఉందో చెప్పవచ్చు. మీరు స్కూలు మారేటప్పుడు టి.సి. తీసుకెళ్తారు కదా! పులస తన టి.సి.ని చెవిలోనే పెట్టుకుని తిరుగుతుంది.

రెండోది ఆలివ్ రిడ్లే తాబేలు. శీతాకాలం చివర మన విశాఖ, కాకినాడ తీరాల్లోనూ, ఒడిశాలోనూ ఇవి ఇసుకలో గుడ్లు పెడతాయి. 2021లో ఒడిశా తీరంలో శాస్త్రవేత్తలు ఒక తాబేలు రెక్కకు 03233 అనే అంకె ఉన్న లోహపు బిళ్ల తగిలించారు. 2025 జనవరిలో అదే తాబేలు మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించింది. తూర్పు తీరం ఎక్కడ, పడమటి తీరం ఎక్కడ! ఈ రెండు తీరాల తాబేళ్లు వేరువేరు అనుకున్నవారు మళ్లీ ఆలోచించవలసి వచ్చింది.

లోహపు బిళ్ల బయలుదేరిన చోటు, చేరిన చోటు మాత్రమే చెబుతుంది. మధ్య దారి తెలియాలంటే తాబేలు డిప్ప మీద ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్ అతికిస్తారు. తాబేలు ఊపిరి కోసం పైకి వచ్చిన ప్రతిసారీ అది ‘నేనిక్కడ ఉన్నాను’ అని ఉపగ్రహానికి కబురు పంపుతుంది.

జీవిని పట్టుకోకుండానే దాని జాడ తెలుసుకునే పద్ధతి కూడా ఇప్పుడు వచ్చింది. ప్రతి జీవీ పొలుసులు, చర్మపు కణాలు, మలం రూపంలో తన డీఎన్ఏను నీటిలో వదులుతుంది. కొంచెం నీరు తెచ్చి వడకట్టి, అందులోని డీఎన్ఏను చదివితే అక్కడ ఏయే జీవులు తిరిగాయో తెలుస్తుంది. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధకులు సముద్రంతో కలిసే ఒడిశాలోని చిలికా సరస్సు నీటిని ఈ పద్ధతిలో పరిశీలించారు. వల వేయలేదు, ఏ జీవినీ చంపలేదు.

తెలిసినకొద్దీ జాగ్రత్త

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. చేపలు ఎక్కడున్నాయో ఖచ్చితంగా తెలిసిపోతే అందరూ అక్కడికే వెళ్లి అన్నిటినీ పట్టేయరా? నిజమే, ఆ ప్రమాదం ఉంది. పరికరం దారి చూపుతుంది గాని, ఎక్కడ ఆగాలో చెప్పదు. అది మనుషులు నిర్ణయించుకోవాలి.

అందుకే తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటను నిషేధిస్తారు. చాలా చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రోజుల్లో ఇన్‌కాయిస్ కూడా అక్కడి చేపల ప్రాంతాల సమాచారం ఇవ్వదు. చిన్నాన్న ఫోను అప్పుడు మౌనంగా ఉంటుంది. ఆ రెండు నెలలూ ఇల్లు గడవడం వేటకు వెళ్లే కుటుంబాలకు కష్టమే. మన పళ్లెంలోకి చేప రావడం వెనుక వారి ఓర్పు కూడా ఉంది.

తాబేళ్ల విషయంలోనూ ఇంతే. పెద్ద బోట్లు లాగే వలల్లో చిక్కుకుంటే అవి ఊపిరాడక చనిపోతాయి. వల లోపల ఏటవాలుగా ఒక ఊచల చట్రం పెడితే రొయ్యలు ఊచల సందుల్లోంచి వెళ్లిపోతాయి. తాబేలు మాత్రం ఊచలకు తగిలి పైనున్న కంతలోంచి బయటపడుతుంది. ఉపగ్రహం అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. నాలుగు ఊచలతో ఒక ప్రాణం నిలుస్తుంది. కొత్త పరికరం అంటే ఖరీదైనదే కానవసరం లేదు.

మనకు సముద్రంతో పనేముంది?

మొదటి ప్రశ్న మరచిపోలేదు కదా? నోయిడాలో ఉండే మనకు సముద్రంతో పనేముంది?

సెక్టార్ 62 వైపు ఎప్పుడైనా వెళ్లారా? అక్కడ జాతీయ మధ్యకాల వాతావరణ అంచనా కేంద్రం ఉంది. 2024 సెప్టెంబరులో జాతికి అంకితమైన ‘అరుణిక’ సూపర్ కంప్యూటర్ ఉన్నది అక్కడే. రాబోయే రోజుల్లో గాలులు ఎలా వీస్తాయో, వానలు ఎక్కడ పడతాయో అది లెక్క కడుతుంది. ఆ లెక్కకు సముద్రం ఎంత వెచ్చగా ఉందో తెలియాలి. ఎందుకంటే తుపానుకు శక్తి వెచ్చని సముద్రం నుంచే వస్తుంది. సముద్రంలో ఆర్గోలు, ఉపగ్రహాలు కొలిచిన అంకెలు ఇక్కడికి చేరతాయి. ఇక్కడ లెక్క కట్టిన గాలుల అంచనాలు హైదరాబాదుకు వెళ్లి సముద్రం స్థితిని అంచనా వేయడంలో పనికొస్తాయి.

హైదరాబాదుకూ సముద్రం లేదు, నోయిడాకూ సముద్రం లేదు. అయినా తాత పడవకు ఈ రెండు ఊళ్లూ కాపలా కాస్తున్నాయి.

1977 నవంబరు 19న దివిసీమను తుపాను ముంచెత్తినప్పుడు వేలమంది ప్రాణాలు పోయాయి. పల్లె పల్లెకూ వేళకు కబురు చేరే దారులు అప్పట్లో ఇన్ని లేవు. ఆ రోజు గురించి తీరప్రాంతంలోని పెద్దవాళ్లు నేటికీ చెప్పుకుంటారు. సెక్టార్ 62లో పనిచేసే యంత్రం విలువ వారికి మనకన్నా బాగా తెలుస్తుంది.

ఇంకో బంధం కూడా ఉంది. మన పక్కనే పారే యమున ప్రయాగ్‌రాజ్ దగ్గర గంగలో కలుస్తుంది. గంగ బంగాళాఖాతంలో కలుస్తుంది. మనం కాలువలో పడేసిన చిప్స్ కవరు సముద్రం చూడకపోవచ్చు, చూడవచ్చు కూడా. చూస్తే అది తాబేలు కంట పడకూడదని కోరుకోవడం కన్నా, కవరును చెత్తబుట్టలో వేయడం సులువు.

ఎవరు చెప్పేది నిజం?

ఇక ఆ పాప ప్రశ్నకు వద్దాం. తాత చెప్పేదీ నిజమే, ఫోను చెప్పేదీ నిజమే. ఇద్దరూ చదివే పుస్తకం ఒకటే.

ఉపగ్రహం ఒకేసారి వందల కిలోమీటర్లు చూస్తుంది. తాత తన చూపు ఆనినంత మేరే చూస్తాడు. కాని మబ్బు పట్టిన రోజున కూడా తాత పడవ దగ్గరి నీటిని చూడగలడు. పచ్చని నీటిలో ఈ నెలలో ఏ చేప ఉంటుందో, ఆ చేపకు ఏ వల సరిపోతుందో, అక్కడ అడుగున రాళ్లున్నాయో బురద ఉందో ఉపగ్రహం చెప్పలేదు. మెసేజ్ కూడా ‘చేపలు ఉన్నాయి’ అని చెప్పదు, ‘ఉండే అవకాశం ఉంది’ అంటుంది. అక్కడికి వెళ్లినవారికి నిజంగా చేపలు దొరికాయా లేదా అని శాస్త్రవేత్తలు మత్స్యకారులనే అడిగి తమ లెక్కలను సరిచూసుకుంటారు. అంటే తాత కూడా ఈ విజ్ఞానంలో భాగస్వామే.

ఒక్క తేడా ఉంది. ఉపగ్రహం చూసినదంతా కంప్యూటర్లలో భద్రంగా ఉంటుంది. పదేళ్ల తరువాత కావాలన్నా దొరుకుతుంది. తాతకు తెలిసింది మాత్రం తాత మాటల్లోనే ఉంది. ఆ మాటలు తెలుగులో ఉన్నాయి, అదీ వాళ్ల ఊరి తెలుగులో. మనుమరాలికి ఆ మాటలు తెలియకపోతే ఆ విజ్ఞానం ఆమె దాకా రాదు.

ఈ సంగతి తరగతిలో చెప్పిన మరుసటి వారం ఆ పాప ఒక నోటుపుస్తకం తెచ్చి చూపించింది. రాత్రిపూట తాతకు ఫోను చేసి అడిగి రాసుకున్న మాటలు అందులో ఉన్నాయి. కొన్ని మాటలకు అర్థం మాకూ తెలియలేదు. ఈసారి ఆమె బల్ల దగ్గర నిలబడి మాకు పాఠం చెప్పింది. మొదట నవ్విన అబ్బాయే అందరికన్నా ఎక్కువ ప్రశ్నలు అడిగాడు.

మేమూ మీలాగే ఊళ్లు మారుతూ వచ్చినవాళ్లం. సామాను సర్దిన ప్రతిసారీ ఏదో ఒకటి వెనకే ఉండిపోతుంది. మాటలు మాత్రం బరువుండవు. ఎన్నైనా వెంట తీసుకెళ్లవచ్చు.

తెలుసుకుందాం: పదాలు – అర్థాలు

వేట: (తీరప్రాంతంలో) చేపలు పట్టడానికి సముద్రం మీదికి వెళ్లడం
రేవు: పడవలు ఆగే చోటు
తెప్ప: దుంగలు కలిపి కట్టిన చిన్న పడవ
సరంగు: మరబోటును నడిపే పెద్ద
ఆటు, పోటు: సముద్రపు నీరు వెనక్కి తగ్గడం, ముందుకు పొంగడం
కెరటం: అల
ప్లవకాలు: నీటిలో తేలుతూ ఉండే చాలా చిన్న మొక్కలు, జీవులు
పత్రహరితం: ఆకులకు పచ్చదనం ఇచ్చే పదార్థం
కోనం: ఉత్తరాంధ్రలో వంజరం చేపకు ఉన్న పేరు
చందువా: పళ్లెంలా చదునుగా, వెండిలా మెరిసే ఒక సముద్రపు చేప

ఆలోచించండి – రాయండి

1. తాత చూసేదీ, ఉపగ్రహం చూసేదీ ఒకటే అని ఎందుకు అన్నాం?
2. పడవ నుంచి పంపిన శబ్దం నేలకు తగిలి 4 సెకన్లకు తిరిగి వచ్చింది. నీటిలో శబ్ద వేగం సెకనుకు 1500 మీటర్లు అయితే అక్కడ లోతు ఎంత? (శబ్దం వెళ్లి, తిరిగి వచ్చిందని మరచిపోకండి.)
3. పులస చెవిరాయిని టి.సి.తో ఎందుకు పోల్చాం? మీ బదిలీలను గుర్తుచేసే వస్తువు మీ దగ్గర ఏదైనా ఉందా? దాని గురించి ఐదు వాక్యాలు రాయండి.
4. వేట నిషేధం ఉన్న 61 రోజులు మత్స్యకార కుటుంబాలకు మనం ఎలా సహాయం చేయవచ్చు? తరగతిలో చర్చించండి.

చేసి చూడండి

మూతి వెడల్పుగా ఉన్న గాజు సీసా ఒకటి తీసుకోండి. సగం వరకు రంగు కలిపిన ఉప్పునీరు పోయండి. దాని మీద చెంచా వెనక వైపు నుంచి మెల్లగా మంచినీరు పోయండి. రెండు పొరలు ఎంతసేపు విడిగా ఉంటాయో గమనించండి. గోదావరి, గంగ నీరు బంగాళాఖాతం మీద పరుచుకునేది ఇలాగే.

మీ సేకరణ

ఈ వారం మీ అమ్మమ్మకో, నాయనమ్మకో, తాతయ్యకో ఫోను చేయండి. వాళ్ల పనిలో వాడే మాటలు ఐదు అడగండి. పొలం పని కావచ్చు, మగ్గం కావచ్చు, వంట కావచ్చు, వేట కావచ్చు. అర్థంతో సహా రాసి తరగతికి తీసుకురండి. మీ పుస్తకంలో ఉన్న మాట మాకు తెలియకపోతే మీరే మాకు నేర్పాలి.